గుండీలు కుట్టిన మిస్సమ్మ

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నా వయసు 24. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. దక్షిణ కాలిఫోర్నియాలో ఎం.ఎస్. చదువుతున్నాను, ఇంకా రెండు సెమిస్టర్లు ఉన్నాయి. నేను వెళ్లే చర్చి సంఘం నుంచి ఇరవై మంది జులైలో వారం రోజుల మిషన్ ట్రిప్‌కి మెక్సికో వెళ్తున్నారు. బాహా కాలిఫోర్నియాలో సాన్ కింతీన్ అనే చోట స్ట్రాబెర్రీ, టమాటా తోటల కూలీల పిల్లలకు క్యాంపు పెడతారట. పాటలు, బైబిలు కథలు, ఆటలు, క్రాఫ్టు... అచ్చం మన వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) లాగే. మనిషికి 850 డాలర్లు. తెలిసినవాళ్లకు ఉత్తరాలు రాసి ఆ డబ్బు పోగు చేసుకోమన్నారు. నాన్న వినగానే ‘నలభై లక్షలు అప్పు చేసి పంపింది చదువుకోడానికా, ఊళ్లు తిరగడానికా? వీసాకి ఏమన్నా అయితే?’ అని కేకలేశారు. నా రూమ్మేట్ కూడా విశ్వాసే. ‘పేద పిల్లలతో ఫొటోలు దిగి రావడానికి అంత డబ్బెందుకు, అదేదో అక్కడికే పంపొచ్చుగా’ అంటోంది. నాకు స్పానిష్ రెండు ముక్కలు కూడా రాదు. కానీ చిన్నప్పుడు మా ఊరి వి.బి.ఎస్.లోనే నేను దేవుణ్ణి తెలుసుకున్నాను. ప్రార్థనలో కూర్చున్నప్పుడల్లా ఆ పిల్లలే గుర్తొస్తున్నారు. వెళ్లమంటారా, మానమంటారా?

జవాబు:

తల్లీ, వెళ్లు. కాకపోతే డబ్బు కట్టే ముందు మీ టీమ్ లీడర్ని ఒక మాట అడుగు. ‘అక్కడ మనల్ని పిలిచింది ఎవరు?’

ఆయన తడుముకోకుండా ఒక పాస్టరు గారి పేరు, ఇద్దరు ముగ్గురు సండే స్కూలు టీచర్ల పేర్లు చెప్పాడనుకో, ఈ తేదీలు వాళ్లే కుదిర్చారు, పాఠాలు వాళ్లే చెప్తారు, మనం చేతికింద సాయానికి వెళ్తున్నాం అన్నాడనుకో, నిశ్చింతగా బయల్దేరు. అలా కాకుండా ‘ప్రతి ఏడూ వెళ్తున్నాంగా, అక్కడ గ్రౌండు తీసుకుని మనమే క్యాంపు పెడతాం’ అంటే మాత్రం కాస్త ఆగు. జులైలోనే ఎందుకు అని కూడా అడుగు. మెక్సికోలో బడులు జులై మధ్యదాకా నడుస్తాయి. క్యాంపు మొదటి వారంలో పడితే ఆ పిల్లలు మీకోసం బడి ఎగ్గొట్టాలి. మీ సెలవులు చూసుకుని పెట్టారో, వాళ్ల సెలవులు చూసుకుని పెట్టారో ఆ ఒక్క తేదీ చెప్పేస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు అడగమంటున్నానో తెలియాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. నేను మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక వేసవిలో విదేశాల నుంచి నలుగురైదుగురు హాస్టల్ చూడ్డానికి వచ్చారు. అందులో ఒక దొరసాని నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా జడలు ముందుకు వేసి ఫొటో తీసింది. ‘ఇది నీకు పంపిస్తాను, ఉత్తరం కూడా రాస్తాను’ అని పాస్టరు గారి చేత తెలుగులో చెప్పించింది. ఆ తర్వాత ఏడాది పాటు పోస్ట్‌మేన్ సైకిల్ బెల్లు వినపడితే చాలు, అన్నం ముందు నుంచి లేచి గేటు దగ్గరికి పరుగెత్తేదాన్ని. రాలేదు. ఆమె చెడ్డ మనిషి కాదమ్మా. ఊరికి వెళ్లి పనుల్లో పడి మర్చిపోయి ఉంటుంది. ఇప్పటికీ నాకు తమాషాగా అనిపించేదేమిటంటే, ఏ దేశంలోనో ఎవరి ఆల్బంలోనో నేను జడలేసుకుని కూర్చునే ఉన్నాను. నా దగ్గర మాత్రం చిన్ననాటి ఫొటో ఒక్కటీ లేదు.

రెండేళ్ల తర్వాత ఇంకొకామె వచ్చింది. పెద్దావిడ. పాట రాదు, తెలుగు రాదు, కథ చెప్పడం అసలే రాదు. వచ్చిన రోజు మా మేట్రనమ్మ దగ్గరికెళ్లి ఏం చేయమంటావని సైగ చేసింది. మేట్రనమ్మ ఆలోచించి గుండీల డబ్బా, సూదీదారం చేతిలో పెట్టింది. మా గౌన్లకు గుండీలు ఊడిపోతే పిన్నీసులతో నెట్టుకొచ్చేవాళ్లం. వారం రోజులూ ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని గుండీలు కుట్టింది. మేం వరసగా నిలబడితే ఒక్కొక్కరి పేరు అడిగి, ఆ పేరు నానా తిప్పలు పడి పలికి, అప్పుడు దారం కొరికేది. మాకు అదొక ఆట. మేం ఆమెను గుండీల మిస్సమ్మ అన్నాం. ఏ వాక్యం చెప్పిందని అడిగితే ఏమీ చెప్పలేదు. యాభై ఏళ్లు దాటింది, ఆమె ముఖం నాకింకా గుర్తే.

ఇద్దరికీ ప్రేమ తక్కువేం లేదు. రెండో ఆమె ముందు మేట్రనమ్మను అడిగింది. నేను చెప్పదలచిన తేడా అంతే.

ఈ మాట మనవాడొకాయన ఎప్పుడో పెద్దల ముందే అనేశాడు. వి.ఎస్. అజరయ్య తమిళనాడు నుంచి 1909లో మన దోర్నకల్ ప్రాంతానికి సేవకు వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగితే అక్కడి వేదిక మీద తెల్ల మిషనరీల ఎదుటే చెప్పాడు: బీదలకు మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలనే ఇచ్చారు, ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. హాల్లో కొందరికి ఆ మాట గుచ్చుకుందట. అప్పుడు పుచ్చుకునే వైపు నిలబడి అడిగింది మనం. ఇప్పుడు నువ్వు ఇచ్చే వైపు వెళ్తున్నావు. వేదిక అటూ ఇటూ మారినంత మాత్రాన ఆ మాట మారదు.

ఇక నువ్వు వెళ్లే చోటు. టిహువానా దగ్గర సరిహద్దు దాటి, ఎన్సెనాడా మీదుగా పసిఫిక్ తీరం పట్టుకుని దక్షిణానికి సుమారు 300 కిలోమీటర్లు వెళ్తే సాన్ కింతీన్ లోయ వస్తుంది. వానలు అంతంతమాత్రం, ఎండిపోయిన నేల. అందులోనే డ్రిప్పు గొట్టాలు వేసి, ప్లాస్టిక్ గుడారాల కింద స్ట్రాబెర్రీ, టమాటా పండిస్తారు. ఎక్కువ భాగం పోయేది అమెరికా మార్కెట్టుకే. మీ ఇంటి పక్క స్టోర్లో నువ్వు కొనే డబ్బాలో పండ్లు అక్కడి నుంచి వచ్చినవే కావచ్చు. కోసేవాళ్లు ఆ ఊరివాళ్లు కాదు. దేశం దక్షిణ కొసన ఉన్న వహాకా వైపు నుంచి వేల కిలోమీటర్లు వలస వచ్చిన మిష్టెక్, త్రికీ, జపొటెక్ జనం. కొందరు పంటకు వచ్చి పోతారు, చాలామంది అక్కడే కాలనీలు కట్టుకుని స్థిరపడ్డారు. 2015 మార్చి 17న వేలాది మంది కూలీలు పని ఆపేసి హైవేకి అడ్డంగా కూర్చున్నారు. రోజుకు 300 పెసోలు కూలి ఇవ్వమన్నారు. అప్పటికి వాళ్లకు వస్తున్నది అందులో సగం కూడా కాదు. నువ్వు పాటలు నేర్పబోయే పిల్లల అమ్మానాన్నల్లో ఆ రోజు రోడ్డు మీద కూర్చున్నవాళ్లు ఉంటారు. ‘పాపం, ఏమీ తెలియని పేదలు’ అన్న చూపు సరిహద్దుకి ఇవతలే వదిలేసి వెళ్లు.

చిలకలూరిపేట పిల్లవి, నీకు వలస కూలీల సంగతి నేను చెప్పాలా? మిరప కోతలకు కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పల్నాడు దిగుతాయి. కల్లం పక్కన పరదాల గుడిసెలు, వాటి ముందు బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకున్న ఏడెనిమిదేళ్ల పిల్లలు. నువ్వు వాళ్లతో ఎప్పుడైనా ఆడావా? నిన్ను దెప్పడానికి అడగడం లేదు. నేనూ ఆడలేదు. నలభై ఏళ్లు పంతులమ్మగా చేశాను, ప్రతి మే నెలా వి.బి.ఎస్. నడిపాను, గుడికి అర కిలోమీటరు దూరంలో ఉన్న ఆ గుడిసెల పిల్లల్ని పిలవాలని నాకు తట్టింది ఉద్యోగం వదిలాక. కొన్నిసార్లు దూరం వెళ్తేగాని దగ్గరివి కనపడవు. అలాగని దగ్గరివాళ్లను చూడ్డం మొదలెట్టాకే దూరం వెళ్లాలని నియమమేం లేదు.

అన్నట్టు, మిరపకాయ పుట్టిల్లు మెక్సికోనే. అక్కణ్ణుంచి పోర్చుగీసు ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. గుంటూరు పిల్ల మిరప పుట్టింటికి వెళ్తోందంటే చుట్టరికం లేకుండా పోదు. అక్కడి సంఘం ఆడవాళ్లు వండిపెట్టేది మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల కూర, పక్కన మిరప పచ్చడి. వాళ్లతో కూర్చుని తిను. ఆ పచ్చడి నువ్వు నీళ్లు తాగకుండా తింటే సగం పరిచయం అయిపోయినట్టే. వ్యానులో తెచ్చుకున్న బర్గర్లు వాళ్ల ఎదుట విప్పొద్దు. తాగే నీళ్లు మాత్రం సీసావే తాగు.

భాష రాదని బెంగపడకు. అక్కడి చాలా కుటుంబాల్లో స్పానిష్ రెండో భాష, ఇంట్లో మిష్టెకో త్రికీయో మాట్లాడుకుంటారు. కొత్త భాష ముందు నోరు మెదపలేకపోవడం ఏమిటో ఆ పిల్లలకు తెలుసు. బయల్దేరేలోపు ఉన్న కొద్ది రోజుల్లో పేరడగడం, పేరు చెప్పడం, బాగుంది, రా, కూర్చో, క్షమించు, ఇంకోసారి చెప్పు... ఇవి నేర్చుకో. రోజుకో అరగంట చాలు. ‘కోమో తే యామాస్’ అంటే నీ పేరేమిటి. టీచర్ని వాళ్లు ‘మాయెస్త్రా’ అంటారు. మన తాపీమేస్త్రీలో మేస్త్రీ ఆ కుదురులోదే, పోర్చుగీసు నుంచి వచ్చింది. మన పల్లెల్లో పాస్టరుని పాదిరి అనేవాళ్లే, వాళ్లూ ఫాదర్ని పాద్రె అంటారు. ఇంగ్లీషు పాటల సీడీ పెట్టి యాక్షన్లు చేయించడం కంటే, వాళ్ల సండే స్కూల్లో రోజూ పాడే పాటలు రెండు ఇక్కడే నేర్చుకుని వెళ్లు. తప్పు పాడితే పిల్లలు పడీపడీ నవ్వుతారు, నిన్ను దిద్దుతారు. దిద్దనియ్యి. వారంలో వాళ్లకు అంతకంటే పెద్ద సంబరం ఉండదు.

మీ రూమ్మేట్ మాటకు వద్దాం. ఇరవై మంది, తలకు 850 అంటే 17,000 డాలర్లు. ఆ అమ్మాయి అడిగింది తప్పు ప్రశ్న కాదు. అయితే మీరు వెళ్లకపోతే ఆ 17,000 అక్కడికి చేరుతుందా అంటే, నాకున్న అనుభవంలో చేరదు. ముఖం తెలియని పనికి జనం ఒకసారి ఇస్తారు, రెండోసారి మర్చిపోతారు. వెళ్లి చూసి వచ్చినవాళ్లు పదేళ్లు ఇస్తూనే ఉంటారు, అందరూ కాదులే, ఇరవైలో ఇద్దరు. కాబట్టి లీడర్ని అడగాల్సిన రెండో మాట: ఈ సొమ్ములో వ్యానుకి, పెట్రోలుకి, మన తిండికి, టీషర్టులకి పోగా అక్కడి సంఘం చేతికి ఎంత ఇస్తున్నాం? లెక్క కాగితం మీద ఉండాలి. టీషర్టుల పద్దు పెద్దదై సంఘానికిచ్చేది చిన్నదైతే మీటింగులో నోరు తెరిచి చెప్పు. కొత్తగా వచ్చిన ఇండియన్ అమ్మాయి ఏమనుకుంటారో అని ఊరుకోకు.

అక్కడ గోడలకు రంగులేసే పని పెట్టుంటే అది కూడా అడుగు. రంగులేసేవాళ్లు ఆ ఊళ్లో లేరా? ఉంటారు, కూలి లేక కూర్చుని ఉంటారు. వాళ్లకు రోజుకూలి ఇచ్చి వేయిస్తే గోడా బాగుంటుంది, ఒక ఇంట్లో పొయ్యీ వెలుగుతుంది. నీ చేత్తో వేసిన రంగు మళ్లీ ఎవరో వేయాల్సిందే, నిజం చెప్తున్నా.

షెడ్యూల్లో ఒక పూట ‘అనాథాశ్రమం విజిట్’ అని రాసి ఉందేమో చూడు. ఉంటే ఆ పూట నువ్వు రానని చెప్పేయ్. ఇది నేను మెత్తగా చెప్పలేను. కాంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది, ఆ దేశంలో అనాథలు తగ్గుతున్న కాలంలోనే. లెక్కలు తీస్తే ఆ హోముల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. నేపాల్లోనూ అదే తేలింది. పెరిగింది అనాథలు కాదు, చూడ్డానికి వచ్చే అతిథులూ, వాళ్లిచ్చే డాలర్లూ. పిల్లలు ఉంటేనే అతిథులు వస్తారు గనక బీద ఇళ్లకెళ్లి చదివిస్తామని పిల్లల్ని పట్టుకొచ్చారు. 2019 డిసెంబర్లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశమే బాలల హక్కుల తీర్మానంలో ఈ సంగతి ఎత్తింది. మనకు కొత్తేం కాదు. తల్లి కూలికి వెళ్లే ఊళ్లోనే ఉండగా, పిల్లను హోములో పెట్టి, ఫారిన్ వాళ్లు వచ్చిన రోజున ‘ఎవరూ లేరు’ అని చెప్పించిన చోటు మన కోస్తాలోనే నేను చూశాను.

అలాంటి చోట పిల్లలు నిన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంటారు. ‘ఎంత ప్రేమో’ అంటూ మీ వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఇంట్లో అమ్మ ఉన్న పిల్ల కొత్త మనిషిని చూస్తే అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది తల్లీ. కొత్తవాళ్ల మీద అలా పడేది వారం వారం ఎవరో ఒకరు వచ్చి ఎత్తుకుని, వదిలేసి పోయిన పిల్ల. సాన్ కింతీన్ క్యాంపు ఇలాంటిది కాదు. పొద్దున ఇంటి నుంచి వచ్చి సాయంత్రం ఇంటికి పోయే పిల్లలు. నేను నిన్ను వెళ్లమనడానికి అది పెద్ద కారణం. అయినా సరే, ఒక్క పిల్లకి సైతం ‘మళ్లీ వస్తా’, ‘ఫొటో పంపిస్తా’, ‘నిన్ను మా ఊరు తీసుకెళ్తా’ అనొద్దు. పంపగలిగితే అక్కడి టీచరుకి పంపు, ఆమె చేత్తో ఇస్తుంది. సంచిలో చాక్లెట్లు పెట్టుకుని నీకు నచ్చిన పిల్లకి చాటుగా ఇవ్వొద్దు. ఇచ్చేది ఏదైనా ఆ సంఘం చేతుల మీదుగా, అందరికీ సమంగా. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనక్కర్లేదని మనకు చెప్పిందే గదా. పిల్లల ముఖాలు నీ ఇన్‌స్టాగ్రాంలో పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. నా జడల ఫొటో గుర్తుపెట్టుకో.

క్షేమం మాట కూడా ఉంది. వెళ్లేముందు మీ అందరి చేతా పోలీసు రికార్డు తనిఖీకి ఫారాలు నింపించాలి, పిల్లలతో ఎలా మెలగాలో ఒక క్లాసు పెట్టాలి. ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, ఇద్దరు పెద్దలు, అందరికీ కనిపించే చోటు. పిల్లను బాత్రూంకి తీసుకెళ్లాల్సి వస్తే అక్కడి టీచర్ని పిలవాలి. పిల్లలతో ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. వీటిలో ఏదీ మీవాళ్లు చెప్పకపోతే, ‘మనందరం విశ్వాసులమే కదా, ఇదంతా ఎందుకు’ అని ఎవరన్నా అంటే, ఆ మాట అన్నచోట నేను మా మనవరాల్ని వదలను. నిన్నూ వదలను.

ఇప్పుడు కొందరికి నచ్చని విషయం. క్యాంపు చివరి రోజు పిల్లల్ని కళ్లు మూసుకోమని, ‘యేసయ్య కావాలన్నవాళ్లు చేతులెత్తండి’ అని, లెక్కపెట్టి, తిరిగొచ్చి ఆదివారం సాక్ష్యంలో ఇంతమంది రక్షణ పొందారని చెప్పే అలవాటు ఉంది. ఏడేళ్ల పిల్ల పక్కపిల్ల చెయ్యెత్తిందని ఎత్తుతుంది, జ్యూసు ఇచ్చే అక్క అడిగిందని ఎత్తుతుంది. జూన్లో ఒక సంఘం వచ్చి ఎత్తిస్తుంది, జులైలో మీరు, ఆగస్టులో ఇంకొకరు. ఒకే పిల్ల ఒకే వేసవిలో మూడుసార్లు రక్షించబడుతుంది. ఆ లెక్కలో నువ్వు ఉండకు.

ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర పేరు విన్నావు కదా. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్న వేల మందికి పని చూపించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఏ దొరైనా పొంగిపోయే సమయం. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట వాళ్లకూ రాకూడదు, తనకూ రాకూడదని, సహాయం పంచినంత కాలం ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు పని ముగిశాకే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలు మొదలెట్టారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆ సంఖ్యను మనవాళ్లు చెప్పని సభ లేదు. దాని ముందు ఆయన ఆగిన నెలల గురించి చెప్పేవాళ్లు తక్కువ. కథ చెప్పు, పాట పాడు, నీ సాక్ష్యం అడిగితే చెప్పు. చేతుల లెక్క ఆ ఊరి పాస్టరు గారికి వదిలెయ్యి. పన్నెండు నెలలూ ఆ పిల్లలతో ఉండేది ఆయన.

అక్కడ చాలా ఇళ్లలో గ్వాదలూపే మాత పటం ఉంటుంది, అంటే వాళ్ల మరియమ్మ. మన ఊళ్లలో ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) వాళ్లకూ మనకూ మధ్య నడిచే వాదాలు వ్యానెక్కించి తీసుకెళ్లకు. ఆ తల్లి నీకు మంచినీళ్లిస్తే పటం కింద కూర్చుని తాగు.

నాన్నగారి భయం సగం డబ్బు, సగం వీసా. వీసాది తేల్చడం తేలిక. నీ పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు ఇంకా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. తిరిగి రావడానికి ఐ-20 (కాలేజీ నీకిచ్చిన స్టూడెంట్ వీసా ఫారం) మీద మీ కాలేజీవాళ్ల ప్రయాణ సంతకం ఏడాది లోపుది ఉండాలి. బయల్దేరే నెల ముందే మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి వెళ్లి, ఫలానా తేదీల్లో ఫలానా చోటికి అని చెప్పి, ఆ సంతకం వేయించుకో, వాళ్లు ఏమంటే అది విను. స్టాంపు గడువు అయిపోయి ఉంటే మెక్సికో కాన్సులేట్లో వీసా తీసుకోవాలి. ముప్పై రోజుల లోపు మెక్సికో ప్రయాణమైతే పాత స్టాంపుతోనే తిరిగి రానిచ్చే నియమం ఒకటుంది గానీ, నీ పరిస్థితిలో ఆ సాహసం నేను చేయమనను. అప్పుడు ఈ ఏడాది మానుకో, క్యాంపు వచ్చే ఏడాదీ ఉంటుంది.

ఇంకోటి. మీ గుంపులో మిగతావాళ్లు అమెరికా పాస్‌పోర్టు వాళ్లు. ఏళ్ల తరబడి వెళ్తున్న డ్రైవరు సరిహద్దులో ఆగకుండా దూసుకుపోతాడు. నిజానికి వాళ్లూ నమోదు చేయించుకోవాల్సిందే, అయినా వాళ్లకు ఎలాగో జరిగిపోతుంది. నీకు చెల్లదు. అటువైపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసు దగ్గర ఆపించి, ప్రవేశం నమోదు చేయించుకుని, కాగితం దాచుకో. ఇరవై మందిని నా కోసం ఆపాలా అని మొహమాటపడితే నాన్నగారు భయపడ్డదే నిజమవుతుంది. ఐ-20, పాస్‌పోర్టు చేతి సంచిలోనే ఉండాలి, కాపీలు రూమ్మేట్ దగ్గర ఉంచు. నీ స్టూడెంట్ ఇన్సూరెన్సు దేశం బయట పనిచేస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కో. ఎన్సెనాడా దాటాక రోడ్డు ఇరుకు, చీకటి పడ్డాక వ్యాను కదలకూడదు. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర గంటల తరబడి వరస ఉంటుంది, మర్నాడు పొద్దున పరీక్షో క్లాసో పెట్టుకోకు.

డబ్బు విషయంలో నేను నాన్నగారి వైపే. 850 డాలర్లంటే మన లెక్కలో డెబ్బై వేలకు పైమాటే. లోన్ డబ్బు ముట్టుకోవద్దు, ఇంటి నుంచి అడగొద్దు. క్యాంపస్ ఉద్యోగంలో మిగుల్చుకున్నది కొంత, మీ సంఘంలో ఇవ్వగలిగినవాళ్ల నుంచి కొంత. ఊళ్లో పెద్దమ్మలకీ, పెన్షన్ మీద బతికే పాత టీచర్లకీ ఆ ఉత్తరాలు పంపకు. వాళ్లు మందులు మానుకుని ఇస్తారు, నాకు తెలుసు. రాసే ఉత్తరంలో కూడా ‘మిషనరీగా వెళ్తున్నాను’ అని రాయకు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే ఆయన్ని తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సొసైటీ దక్షిణాఫ్రికాలో నటాల్‌కి పంపింది, అక్కడి తోటల్లో వెట్టి ఒప్పందాల మీద పనిచేస్తున్న మన తెలుగువాళ్ల మధ్యకు. వాళ్ల భాష తన భాషే, అయినా ఓడ దిగి అక్కడే ఉండిపోయాడు. మిషనరీ మాట ఆయనకు సరిపోతుంది. నీది వారం రోజుల సాయం. ‘క్యాంపులో సాయానికి వెళ్తున్నాను’ అని రాయి, ఇచ్చేవాళ్లు దానికీ ఇస్తారు.

నాన్నగారితో వాదనకు దిగొద్దు. వీసా సంగతి కాగితాలతో సహా చెప్పు, డబ్బు ఇంటిది కాదని చెప్పు, తోటల కూలీల సంగతి చెప్పు. మిరప కల్లాలు చూసినాయన, అర్థం చేసుకుంటారు. అప్పటికీ వద్దంటే ఈ ఏడాదికి మానెయ్. ఆ పిల్లల పేర్లు అక్కడి టీచర్ని అడిగి తెప్పించుకుని ప్రార్థన చేస్తూ ఉండు.

ఒక చిన్న ఉపాయం. ఆటల కోసం బుడగలూ మెరుపు కాగితాలూ మోయనక్కర్లేదు. తొక్కుడుబిళ్ల అక్కడా ఉంది, అవియోన్ అంటారు, అంటే విమానం. గచ్చకాయలాట కూడా ఉంది, పేరు మతతేనా. నువ్వు మన గచ్చకాయలు మాత్రం తీసుకెళ్లకు, గింజలంటే సరిహద్దులో పేచీ. వెళ్లిన రోజునే ఆ నేల మీద ఐదు గులకరాళ్లు ఏరుకుని, ఏమీ మాట్లాడకుండా చెట్టు నీడన కూర్చుని ఎగరేస్తూ ఉండు. రెండు రాళ్లు జారవిడువు. పావుగంటలో ఎవరో ఒక పిల్ల వచ్చి ఇలా కాదని చూపిస్తుంది.

తిరిగొచ్చాక నాకు ఉత్తరం రాయి. ఫొటోలు అక్కర్లేదు. అక్కడ నీకు పని చెప్పిన ఆ టీచరమ్మ పేరేమిటో, నీచేత ఏం పని చేయించిందో రాయి.